టెంపరరీ వాటర్

గుణదలలో చిన్నప్పుడు మా క్రికెట్ రూలొకటి: బంతి వాన మడుగులో పడితే ఆ బాల్ లెక్కలోకి రాదు. గోల్ఫ్‌లోనూ ఇలాంటిదే ఉందని ఈమధ్యే తెలిసింది. ఆటస్థలంలో నిలిచిన వాననీళ్ళని "క్యాజువల్ వాటర్" అనేవాళ్ళు. 2019 నుంచి "టెంపరరీ వాటర్". పెనాల్టీ లేకుండా బంతిని పక్కకి తీసి ఆడుకోవచ్చు. స్కాట్లాండ్ తీరపు ఇసుకనేలల్లో పెరిగిన ఆట కదా, నీరింకుతుందని ధీమా. మా డెల్టా నల్లమట్టికి అదెక్కడిది!

వాగులో పడితే మాత్రం పెనాల్టీయే. అదే వాగు, గీసిన గీత దాటి పొంగితే ఆ నీళ్ళూ టెంపరరీయే. ఇక్కడే ఆగిపోయాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్ళింపు కాలువకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ఆ కాలువ వరదని కృష్ణలో కలపాలి. కృష్ణేమో ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. బుడమేరు సొంత దారి కొల్లేరుకి. ఆ దారిలోనే కాలనీలొచ్చాయి.

గోల్ఫ్‌లో వాగు గీతని కమిటీ గీస్తుంది. బుడమేరుకి ఎవరు గీశారో, ఎక్కడ గీశారో, నేనింకా వెతుకుతున్నాను.