ఫలితములనుబట్టి గ్రాంటు

మన పాఠశాలల చరిత్ర చెప్పునప్పుడు వాటిని స్థాపించినవారి పేర్లు తప్పక చెప్పుకొంటాము. ఉపాధ్యాయుల జీతములు ఎక్కడినుండి వచ్చినవో మాత్రము అరుదుగా చెప్పుకొంటాము. ఈ వ్యాసములో ఆ డబ్బు సంగతే వ్రాయదలచాము.

మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో పాఠశాల తెరచిన నాటికి ప్రభుత్వ గ్రాంటు అను ఏర్పాటు లేదు. మిషను సొమ్ము, చందాలు, ఇవే ఆధారము. 1854 జూలైలో లండను నుండి వచ్చిన వుడ్స్ డిస్పాచ్‌తో స్థితి మారినది. ఎవరు నడిపినను సరే, మంచి లౌకిక విద్య చెప్పి, కొద్దిపాటి ఫీజు వసూలుచేసి, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకొన్న పాఠశాలకు సహాయధనము ఇవ్వవచ్చునని అందులో ఉన్నది. ఇన్‌స్పెక్టరు మతబోధ జోలికి పోరాదని కూడ ఉన్నది. అనగా ఏ గంట కోసము మిషను వారు సముద్రములు దాటి వచ్చారో ఆ వేదపాఠపు గంట గ్రాంటు లెక్కలోనికి రానేలేదు. అది న్యాయమే. సర్కారు సొమ్ము అన్ని మతములవారిది.

అయితే ఇచ్చిన సొమ్ముకు తగిన చదువు వచ్చినదా లేదా అని కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో రాబర్ట్ లో అను మంత్రిగారు 1862లో ఒక జవాబు కనిపెట్టారు. ఆరేండ్లు దాటి, తగినన్ని దినములు బడికి వచ్చిన పిల్లవానికి 8 షిల్లింగులు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, వ్రాత, లెక్కలు పరీక్షిస్తాడు. తప్పిన ఒక్కొక్క విషయమునకు 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. షిల్లింగుకు 12 పెన్నీలు గనుక అది సరిగా మూడవ వంతు. మూడూ తప్పితే సున్న. ఖర్చు ఎక్కువైతే ఫలితమైనా ఉంటుంది, ఫలితము లేకపోతే ఖర్చైనా తగ్గుతుంది అని ఆయన పార్లమెంటుకు నచ్చజెప్పారు. షాపుకారుకు నచ్చవలసిన మాటే. కవిగా పేరుపొందిన మాథ్యూ ఆర్నల్డు అప్పుడు పాఠశాలల ఇన్‌స్పెక్టరు. బోధన యంత్రమువలె అయిపోయినదని ఆయన తన నివేదికలలో మొరపెట్టుకొన్నారు. పుస్తకము తలక్రిందులుగా పట్టుకొని కూడ పాఠము అప్పజెప్పిన పిల్లలను గూర్చి అక్కడ కథలుగా చెప్పుకొనేవారు.

ఆ పద్ధతినే 1868లో మద్రాసు రాజధానిలో ప్రవేశపెట్టారు. అప్పుడు మన కోస్తా జిల్లాలు ఆ రాజధానిలోనివే. పెద్ద పాఠశాలలకు ఎక్కువగా జీతములలో కొంత భాగము గ్రాంటుగా వచ్చేది. చిన్న తరగతులు నడిపినవారికి పరీక్ష ఫలితమే ఆధారము. మేము దీనిని పూర్తిగా నిందించలేము. వీధి అరుగుమీద బడి పెట్టుకొన్న పంతులుగారికి సర్కారు సొమ్ము ముట్టిన దారి ఇదే. 1882లో నియమింపబడిన హంటరు కమిషను కూడ ప్రాథమిక పాఠశాలలకు దీనిని మంచిదిగానే ఎంచినది. కాని ఒక్క దినపు పరీక్షమీద పంతులుగారి రాబడి ఆధారపడినప్పుడు, ఆ దినమున జ్వరముతో పడుకొన్న పిల్లవాడు నష్టమే. కూలికి పోయిన పిల్లవాడు నష్టమే. మెల్లగా నేర్చుకొనే పిల్లవాడు మరింత నష్టము. మన బడులు ముఖ్యముగా ఎవరి కోసము పెట్టబడినవో ఆ పేదపిల్లలే లెక్కలో బరువయ్యారు.

ఇంగ్లండు 1890 నుండి ఈ పద్ధతిని సడలించి, 1897 నాటికి పూర్తిగా వదిలివేసినది. ఇక్కడ 1904లో, కర్జను ప్రభువు కాలములో, భారత ప్రభుత్వ తీర్మానము దానిని త్రోసివేసినది. తరువాత స్థిరమైన గ్రాంటులు వచ్చినవి.

దానితో ఆ ఆలోచన చచ్చిపోయినదనుకొనరాదు. అమెరికాలో పట్టణ ప్రభుత్వ పాఠశాలలకు సొమ్ము ముఖ్యముగా స్థానిక ఆస్తిపన్ను నుండి, రాష్ట్ర ఖజానా నుండి వస్తుంది. 2002 నాటి కేంద్ర చట్టము అక్కడ 3 నుండి 8వ తరగతి వరకు ఏటేటా చదువులోను లెక్కలలోను పరీక్షలు పెట్టించి, వెనుకబడిన పాఠశాలలపై చర్యలు విధించినది. అట్లాంటా నగరములో 44 పాఠశాలలలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు మోసములో పాల్గొన్నారని 2011లో రాష్ట్ర విచారణ తేల్చినది. పిల్లల జవాబులను చెరిపి దిద్దినవారు వారిలో ఉన్నారు. వారందరును పుట్టుదొంగలని మేము నమ్మము. 2015లో ఆ చట్టము స్థానములో మరియొకటి వచ్చినది.

మన ఎయిడెడ్ పాఠశాలలకు కొలత వేరు. పిల్లల సంఖ్యనుబట్టి ఉపాధ్యాయుల పోస్టులు. ఖాళీలు నింపకపోతే ఉన్నవారు తగ్గుతారు, వారు తగ్గితే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే ఖాళీలు నింపుటకు కారణమే ఉండదు. పదవ తరగతి ఉత్తీర్ణత శాతమును మాత్రము పట్టణములోని ప్రైవేటు పాఠశాలల శాతము ప్రక్కన పెట్టి చూస్తారు. ఆ పాఠశాలలు ఎవరిని చేర్చుకొన్నవో, మనవి ఎవరిని చేర్చుకొన్నవో ఎవరూ అడుగరు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సంస్థలను తనకు అప్పగించు విధానము తెచ్చినప్పుడు తలిదండ్రులు వీధులకు వచ్చారు. ఆ సంవత్సరము నవంబరులో, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చునని ప్రభుత్వము తెలిపినది. ఆ వచ్చిన తలిదండ్రులు శాతములు చూచి వచ్చినవారు కారు. తక్కువ ఫీజుతో నడచి వెళ్లగలిగినంత దూరములో మరొక బడి లేనివారు.

పాత హాజరు పట్టీలు, గ్రాంటు లెక్కల పుస్తకములు ఏ సంఘములోనైనను మిగిలియున్నయెడల వాటిని చెదలపాలు కానియ్యక డయోసిస్ కార్యాలయమునకు చేర్చవలెనని కోరుచున్నాము. పరీక్ష దినమున బడికి రాని పిల్లల పేర్లు వాటిలోనే దొరుకుతవి.