మలేషియా ద్వీపకల్పంలో వారాంతపు విహారాలు

మలేషియా ద్వీపకల్పంలో ఒకటి రెండు రాత్రుల విహారానికి జనం వెళ్లే చోట్లలో ఎక్కువ భాగం పడమటి వైపునే ఉన్నాయి. కామెరాన్ హైలాండ్స్, ఫ్రేజర్స్ హిల్, గెంటింగ్, పోర్ట్ డిక్సన్, మలక్కా, ఇపో, తైపింగ్, పెనాంగ్ వాటిలో ముఖ్యమైనవి. వీటిని ప్రకృతి ప్రసాదించిన అందాలుగా వర్ణించడం పరిపాటి. అయితే చల్లని కొండలు, ఇసుక తీరాలు ఆ దేశంలో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఈ కొన్నిటికే దారి ఎందుకు పడిందో ప్రకృతి ఒక్కటే చెప్పలేదు. తగరం, రబ్బరు, తేయాకు గనుల నుంచీ తోటల నుంచీ ఓడరేవులకు తరలిన దారులే నేటి సెలవుల దారులకు పునాది అయ్యాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

దీనికి మొదటి సాక్ష్యం రైలు మార్గాలే. అక్కడి తొలి రైలు 1885లో పెరాక్ రాష్ట్రంలోని తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ రేవుకు నడిచింది. గనుల్లో తీసిన తగరాన్ని సముద్రానికి చేర్చడమే దాని పని. మరుసటి ఏడు కౌలాలంపూర్‌ను క్లాంగ్ వైపు కలిపిన మార్గం, 1891లో సెరెంబన్ నుంచి పోర్ట్ డిక్సన్‌కు వేసిన మార్గం కూడా అలాంటివే. తగరం తగ్గాక ఈ ఊళ్లు ఏమయ్యాయో గమనించాలి. పోర్ట్ వెల్డ్ ఇప్పుడు కువాలా సెపెటాంగ్. మడ అడవులు, బొగ్గు బట్టీలు చూసి చేపల భోజనం చేసి వచ్చేందుకు జనం అక్కడికి వెళతారు. పోర్ట్ డిక్సన్ రాజధాని వాసులకు దగ్గరి సముద్ర స్నానపు తీరం అయింది. తగరం గనులున్న కింటా లోయకు కేంద్రమైన ఇపో, 1985లో తగరం ధర ప్రపంచమంతటా కుప్పకూలినప్పుడు బాగా చితికిపోయింది. కూల్చి కొత్తవి కట్టేంత పెట్టుబడి రాకపోవడం వల్ల పాత అంగళ్ల వరుసలు చాలావరకు నిలిచాయి. నేడు సందర్శకులను రప్పించేవి ఆ వీధులే, అక్కడి కాఫీ కొట్లే. ఒక ఊరి ఆర్థిక పతనమే దాని రూపాన్ని కాపాడిందనడం కటువుగా తోచినా, ఇపో విషయంలో అది నిజం.

కొండల కథ ఇంకా స్పష్టం. విలియం కామెరాన్ ఇప్పటి కామెరాన్ హైలాండ్స్ ప్రాంతాన్ని సర్వే చేసింది 1885లో. అక్కడ చల్లగా ఉంటుందని నాటి అధికారులకు తెలిసినా దాదాపు నలభై ఏళ్లపాటు అది విహార స్థలం కాలేదు. 1929లో జె.ఎ. రస్సెల్ బోహ్ తేయాకు తోట స్థాపించాడు. 1931లో తాపా నుంచి కొండమీదికి రోడ్డు పూర్తయింది. ఆ తర్వాతే విడిది గృహాలు పెరిగాయి. ఫ్రేజర్స్ హిల్‌కు ఆ పేరు వచ్చింది తగరం కోసం కొండెక్కిన లూయీ జేమ్స్ ఫ్రేజర్ వల్ల. దొరల ఆరోగ్యం కోసం అక్కడ విడిది కట్టింది ఆయన వెళ్లిపోయాక చాలా కాలానికి, 1920ల తొలినాళ్లలో. చల్లగాలి అంతకుముందూ ఉంది. లేనిది రోడ్డు, దాన్ని వేసే ఖర్చుకు ఒక కారణం. 1994లో పూర్తయిన ఉత్తర దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే, థాయ్ సరిహద్దు నుంచి జొహోర్ బారు దాకా దాదాపు ఇదే పాత వరుస ఊళ్లను మళ్లీ కలుపుతూ సాగింది. రైలు మార్గాన్ని విద్యుదీకరించాక కౌలాలంపూర్, ఇపోల మధ్య ప్రయాణం సుమారు రెండున్నర గంటలకు తగ్గింది.

గెంటింగ్ ఈ వాదనకు అడ్డు వస్తుందనవచ్చు. అక్కడ గని లేదు, తోట లేదు. లిమ్ గో తోంగ్ అనే వ్యాపారి 1965లో పని మొదలుపెట్టి, అడవి నరికి దారి వేసి కట్టించిన ఊరది. కానీ ఆయనకు ఆ ఆలోచన తట్టింది కామెరాన్ హైలాండ్స్‌లో జలవిద్యుత్ కాంట్రాక్టు పని చేస్తుండగా, చల్లదనం కోసం అంత దూరం వస్తున్న జనాన్ని చూసి. రాజధానికి గంట దూరంలో అలాంటి కొండ ఉంటే చాలని ఆయన లెక్క వేశాడు. ఆ రాజధాని కూడా 1857లో తగరం తవ్వేవాళ్ల మజిలీగా పుట్టిందే. మలక్కా, పెనాంగ్ తగరం కంటే పాతవి కదా అన్నది మరో అభ్యంతరం. అది సరైనదే, అయితే అవి పుట్టింది కూడా సరకు కోసమే, ఓడరేవులుగా. 2008లో యునెస్కో ఆ రెండు నగరాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి కారణం ఆ వర్తకం మిగిల్చిన వీధులే.

తూర్పు తీరం మాత్రం ఈ వివరణకు లొంగదు. పెర్హెంతియన్, రెదాంగ్, తియోమన్ దీవులకు జనం పగడపు దిబ్బల కోసమే వెళతారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అక్కడ పడవలు, బసలు చాలావరకు ఆగిపోతాయి. ఏడాది పొడవునా ఏ శనివారమైనా బయలుదేరగల అలవాటు పడమటి వైపే స్థిరపడడానికి ఈ వాతావరణం కూడా ఒక కారణం. లంకావికీ బోర్నియోకూ చవక విమానాలు కొత్త దారులు తెరిచిన మాట వాస్తవమే. అవి ఎక్కువగా మూడు నాలుగు రోజుల ప్రయాణాలు; ఒక్క రాత్రి బసకు ఇప్పటికీ కారు, రైలే ఆధారం.

ఈ చరిత్రను చెప్పకుండా ఆ చోట్లను చూపించడం అన్యాయం. కామెరాన్ తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేసింది తమిళ కూలీలు. ఇప్పుడు బంగ్లాదేశ్, నేపాల్ వంటి దేశాల వలస కార్మికులు. ఆ కొండలకు మొదటి హక్కుదారులైన సెమాయ్ ఆదివాసుల ఊసు చాలామంది సందర్శకులకు తెలియదు. కూరగాయల తోటల కోసం వాలులు చదును చేయడంతో మట్టి కొట్టుకొచ్చి అక్కడి జలవిద్యుత్ జలాశయంలో పూడిక పేరుకుంది. 2013 అక్టోబరులో ఆ జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు బెర్తామ్ లోయలో ప్రాణాలు పోయాయి. తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. కోస్తా జిల్లాల నుంచి వలస వెళ్లిన మనవాళ్లు పెరాక్‌లోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో, మరికొన్ని చోట్ల రబ్బరు తోటల్లో పనిచేశారు. వారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా అవసరం లేకపోవడంతో హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి వెళ్లేవారికి ప్రయాణం సులువైంది. వారి ప్యాకేజీల్లో సాధారణంగా కనిపించేవి బాటు గుహలు, జంట టవర్లు, గెంటింగ్, లంకావి. కానీ కౌలాలంపూర్ నుంచి ఇపో దాకా రైలెక్కి, అక్కడి నుంచి కారులో బాగన్ దాతుక్ చూసి రావడం రెండు రోజుల్లో అయ్యే పని.