మోటారు కారు మెదడు – దాని పాత జబ్బు

మన సంఘం వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కబురు పెట్టారు. చరిత్ర అనగానే నవాబులు, కోటలు, యుద్ధాలు అనుకుంటాం. బడిలో పిల్లలకు నేను చెప్పేదీ అదే. ఈసారి మాత్రం ఒక చిన్న రేకు డబ్బా చరిత్ర రాస్తున్నాను. దానికి కారణం ఉంది.

నిరుడు నా పాత కారు మొండికేసింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టు అయ్యేది, వేడెక్కితే ఆగిపోయేది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే "కంప్యూటర్ పోయింది, కొత్తది దొరకదు, తుక్కు కింద అమ్మెయ్యండి" అన్నారు. ఇంట్లో అమ్మాయి పెళ్ళి దగ్గరపడింది. ఇంకో కారు కొనే తాహతు ఎక్కడిది? అప్పుడు షెడ్డు నడుపుకునే నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, "మాస్టర్ సాబ్, తొందరపడకండి, ముందు విప్పి చూద్దాం" అన్నాడు. మా వరండాలోనే చాప పరచి డబ్బా విప్పాడు. భూతద్దంలో చూస్తే ఒక టంకం చుక్క చుట్టూ వెంట్రుకంత పగులు! పాత టంకం తీసి కొత్తది వేశాడు. కారు ఇవాళ్టికీ నడుస్తోంది. అప్పుడే ఈ డబ్బా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది.

పూర్వం ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే పని కార్బురేటర్‌ది. ఆ పనిని కరెంటుతో చేయించాలని అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో 'ఎలక్ట్రోజెక్టర్' అనే ఏర్పాటును బయటపెట్టింది. 1958లో క్రైస్లర్ వారు దాన్ని కొద్ది కార్లకే అమర్చారు. కానీ అందులోని మైనపు కాగితపు కెపాసిటర్లు ఇంజను వేడికి తాళలేకపోయాయి. చాలా కార్లకు తిరిగి కార్బురేటర్లే బిగించారు. అంటే ఈ మెదడుకు జబ్బు పుట్టుకతోనే వచ్చిందన్నమాట. ఆ జబ్బు పేరు వేడి.

బెండిక్స్ హక్కులు తీసుకుని జర్మనీ బాష్ సంస్థ 1967లో 'డి-జెట్రానిక్' తెచ్చింది. అమెరికాకు పంపే ఫోక్స్‌వాగన్ 1600 కారులో దాన్ని మొదట పెట్టారు. ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడి చూసి, పెట్రోలు చిమ్మే సూది ఎంతసేపు తెరుచుకోవాలో ట్రాన్సిస్టర్ల డబ్బా నిర్ణయించేది. కార్ల పొగ మీద అమెరికాలో ఆంక్షలు మొదలైన కాలమది. 1970లో అక్కడ స్వచ్ఛ వాయు చట్టం మరింత బిగిసింది. 1979లో బాష్ 'మోట్రానిక్' పెట్రోలును, నిప్పురవ్వను ఒకే డబ్బా చేతికిచ్చింది. 1981 నుంచి జనరల్ మోటార్స్ దాదాపు తన అమెరికా కార్లన్నిటిలో కంప్యూటర్ పెట్టింది. వాటిలో ఒక సాకెట్టులోని రెండు పిన్నులను తీగ ముక్కతో కలిపితే దీపం మిణుకుమిణుకుమని జబ్బు నంబరు చెప్పేది. ఒక మిణుకు, ఆగి రెండు మిణుకులు అంటే 12. ఇంట్లో కూర్చుని డబ్బాతో మాట్లాడే విద్య ఇలా మొదలైంది.

మన దేశంలో 1983 చివర వచ్చిన మారుతి 800కు కార్బురేటరే ఉండేది. 1998లో శాంట్రో సూది పద్ధతితో దిగింది. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో ప్రమాణాలు విధించింది. 2000 నుంచి దేశమంతటా పొగ నిబంధనలు కఠినమయ్యాయి. కార్బురేటర్ విప్పి, ఊది, బిగించి కుటుంబాలను పోషించుకున్న మన ఉస్తాదులు ఎందరో ఈ డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నిజానికి డబ్బాలో అంత మాయ ఏమీ లేదు. కార్లు పాతబడి, కొత్త డబ్బాలు దొరకని రోజు వచ్చేసరికి జనం ధైర్యం చేసి మూతలు విప్పారు. లోపల తరచు కనిపించినవి రెండే. ఒకటి, వేడికీ కుదుపుకూ పగిలిన టంకం. రెండు, కెపాసిటర్. చిన్న డోలు ఆకారంలో ఉండే దీని లోపలి ద్రవం ఏళ్ళ తరబడి వేడికి ఎండుతుంది, లేదా కారి రాగి గీతలను తినేస్తుంది. ఒక్కోసారి చేప వాసన కూడా వస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దీని ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క. 1958లో కాగితపు కెపాసిటర్‌ను చంపిన వేడే దీన్నీ చంపుతోంది.

నా శిష్యుడు చెప్పిన జాగ్రత్తలు ఇవి. డబ్బాను అనుమానించే ముందు బ్యాటరీ, ఫ్యూజు, ఎర్తు తీగ, కనెక్టరు పిన్నులు చూడాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. బ్యాటరీ తీగ విప్పాకే డబ్బా ఊడదీయాలి. కొత్త కెపాసిటర్‌కు మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి, వోల్టు తగ్గకూడదు, 105 డిగ్రీలు తట్టుకునేదై ఉండాలి, ప్లస్సు మైనస్సు తారుమారు కాకూడదు. కారిన ద్రవాన్ని శుభ్రంగా తుడవాలి. కొన్ని పాత డబ్బాల్లో గాజు కిటికీ ఉన్న చిప్పు మీద కాగితం అంటించి ఉంటుంది. దాన్ని పీకకూడదు, వెలుతురు పడితే లోపలి రాత చెరిగిపోవచ్చు. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల డబ్బాల జోలికి ఇంట్లో పోనేకూడదు. అవి ప్రాణాలతో పని.

కళాయి వేసేవాళ్ళు గిన్నెకు పూసేదీ తగరమే, టంకంలో ఉండేదీ తగరమే. చెయ్యి మారలేదు, పనిముట్టు మారింది. బడిలో లెక్కల్లో వెనకబడ్డాడని నేనే ఒకప్పుడు బెంచీ ఎక్కించిన పిల్లవాడు మైక్రోఫారడ్ల లెక్క చెబుతుంటే సిగ్గు, సంతోషం రెండూ కలిగాయి. మన పిల్లల్లో షెడ్డుకు పోయేవాణ్ణి చదువు రానివాడని తీసిపారేయకండి. వాడి చేతికి ఒక మీటరు, ఒక భూతద్దం, కాస్త ఓపిక ఇవ్వండి. మా అమ్మాయి పెళ్ళికి మేము అదే కారులో వెళ్ళాం.