కంప్యూటర్ సైన్స్ సీటు: కాలేజీల వరుస ఎలా రాసుకోవాలి?

తెలంగాణ ఈఏపీసెట్‌లో సీటును తేల్చేది ర్యాంకు ఒక్కటే కాదు, వెబ్ ఆప్షన్ల వరుస కూడా. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి చూస్తుంది, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఖాయంగా వచ్చే కాలేజీని పైన పెడితే, కింద రాసిన మంచి కాలేజీ అందే ర్యాంకు ఉన్నా చేజారుతుంది. అందుకే బాగా ఇష్టమైనవి పైన, ర్యాంకుకు సరిపోయేవి మధ్యలో, తప్పక వచ్చేవి చివర రాయాలి.

గత ఏడాది చివరి ర్యాంకుల్లో మీ కేటగిరీ గడినే చూడండి. అమ్మాయిలకు, అబ్బాయిలకు వేర్వేరుగా ఉంటాయి. షేక్‌లు 4 శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-ఇలోకి, దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బిలోకి వస్తారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లకు బీసీ-ఇ వర్తించదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, మిగతా షరతులు కుదిరితే ఈడబ్ల్యూఎస్‌కు ప్రయత్నించవచ్చు. సర్టిఫికెట్లు కౌన్సెలింగ్‌కు ముందే తీసుకోవాలి.

హైదరాబాద్‌లో ముఫఖ్ఖం జా, దక్కన్ కాలేజీలు ముస్లిం మైనారిటీ సంస్థలు. ఉర్దూ చదివిన పిల్లలకు గచ్చిబౌలిలోని 'మానూ' ఉంది. వరంగల్ ఎన్‌ఐటీ, ఢిల్లీ జామియా మిల్లియాలకు జేఈఈ మెయిన్ కావాలి. అలీగఢ్‌కు సొంత ప్రవేశ పరీక్ష ఉంది. వీటి దరఖాస్తులు ఈఏపీసెట్‌తో పాటు రావు, విడిగా వేసుకోవాల్సిందే.

ఫీజు, హాస్టల్, బస్సు ఖర్చుల లెక్క ఆప్షన్లు పెట్టకముందే ఇంట్లో వేసుకోండి. సీటొచ్చాక గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది రద్దవుతుంది.