పేగులు–మెదడు సంబంధం

నాడులు, హార్మోన్లు, రోగనిరోధక వ్యవస్థ ద్వారా పేగులకూ మెదడుకూ మధ్య రెండు వైపులా సాగే సమాచార మార్పిడి. భయం వేస్తే కడుపులో తిప్పడం అందరికీ అనుభవమే. పేగుల్లోని సూక్ష్మజీవులు మనసును మార్చగలవా అన్నదే అసలు ప్రశ్న. 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కదలనీయకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటిలో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి. ఒక రకం బిఫిడోబ్యాక్టీరియాను ముందే పేగుల్లోకి చేరిస్తే ఆ తేడా పోయింది. 2011లో మరో బృందం లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే బ్యాక్టీరియాను తినిపించిన ఎలుకల్లో ఆందోళన తగ్గింది. పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిని కోసేసిన వాటిలో తగ్గలేదు. ప్రభావం ఏ దారిన వెళ్తోందో చూపింది గనుక ఈ ప్రయోగం మరింత విలువైనది.

ఎలుకల్లో కనిపించింది మనుషులకు వర్తిస్తుందా అన్న అభ్యంతరం బలమైనదే. అదే బ్యాక్టీరియా ఆరోగ్యవంతులైన పురుషులపై పనిచేయలేదని 2017లో తేలింది. మానసిక స్థితితో ముడిపడిన రసాయనం సెరటోనిన్‌లో, శరీరం మొత్తం మీద, సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్న మాటనూ తరచూ సాక్ష్యంగా చూపుతారు. కానీ అది రక్తం నుంచి మెదడులోకి నేరుగా చేరలేదు కాబట్టి ఆ వాదన నిలవదు. ఆహారం విషయంలో ఆధారం కొంత మెరుగు. డిప్రెషన్ ఉన్న 67 మందితో ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. 12 వారాలు పప్పులు, కూరగాయలు, చేపలు, ఆలివ్ నూనె వైపు మళ్లినవారిలో 32 శాతం మంది దాదాపు కోలుకున్నారు. ఆహార సలహాకు బదులు కబుర్లు, కాలక్షేపం మాత్రమే దక్కినవారిలో 8 శాతమే. ఏం తింటున్నామో వారికి తెలుసు గనుక నమ్మకం పాత్రనూ తోసిపుచ్చలేం. పైగా వారిలో అత్యధికులు మందులో కౌన్సెలింగో తీసుకుంటూనే ఉన్నారు. మందులు మానేసి పెరుగు తింటే చాలన్న ప్రచారానికి ఇది ఆధారం కాదు.