సున్నం నాటి గోడ, సిమెంటు నాటి మరమ్మతు

అమెరికాలోని పెన్సిల్వేనియా పల్లెల్లో కనిపించే ‘బార్న్’ను ఒక్క తెలుగు మాటలో చెప్పడం కష్టం, ఎందుకంటే తెలుగు ఊళ్లలో వేరువేరుగా ఉండే పశువుల కొట్టం, కళ్లం, గాదె, గడ్డివామి అక్కడ ఒకే కప్పు కింద చేరాయి. వాలు నేలను తొలిచి కట్టడంవల్ల కింది అంతస్తులోని పశువుల శాల తలుపులు పల్లపు వైపు తెరుచుకుంటాయి. మెరక వైపు నుంచి వచ్చే బండి నేరుగా పై అంతస్తులోని నూర్పిడి నేల మీదికి చేరుతుంది. కింది గోడను దాటి ముందుకు చొచ్చుకు వచ్చే పై అంతస్తు ఈ కట్టడానికి గుర్తు. దాని మూలాన్ని స్విట్జర్లండ్‌లోని ప్రాటిగౌ లోయలో చూపినవాడు పరిశోధకుడు రాబర్ట్ ఎన్స్‌మింగర్. 1681లో ఆంగ్లేయుడైన విలియం పెన్‌కు పెన్సిల్వేనియా భూమిపై రాజపత్రం దక్కి, 1683లో అక్కడ వలసదారుల ఊరు జర్మన్‌టౌన్ వెలసిన తర్వాత, 18వ శతాబ్దంలో వేలాదిగా వలస వచ్చిన జర్మన్ భాషీయులైన రైతులే ఈ పద్ధతిని అక్కడ పాదుకొల్పారు. వారిని ‘పెన్సిల్వేనియా డచ్’ అంటారు గాని, హాలండుతో వారికి సంబంధం లేదు.

ఈ బార్న్‌లో స్తంభాలు, దూలాలు ఒకదాని బెజ్జంలో మరొకదాని కుసి దూరి, కర్ర శీలలతో బిగిసి ఉంటాయి. ఆ చట్రం బరువంతా రాతిగోడపై పడుకోబెట్టిన అడుగుదూలం మీద ఆనుతుంది. మెరక వైపు గోడ మట్టిని కూడా ఆపవలసి ఉన్నందున, మట్టిలోకి దిగిన నీరు శీతకాలంలో గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బినప్పుడల్లా ఆ గోడను లోపలికి నెడుతుంది, చెమ్మ తగిలిన అడుగుదూలం కుళ్లుతుంది, స్తంభం కుంగుతుంది. కాబట్టి తొలి చికిత్స చేయవలసింది గోడకు కాదు, నీటికి: చూరు నీటిని దూరంగా మళ్లించనిదే ఏ మరమ్మతూ నిలవదు.

ఆ తర్వాత, దుంగలను అడ్డదిడ్డంగా పేర్చిన దిమ్మెల మీద జాకీలు నిలిపి, చట్రాన్ని పూచిక మందం చొప్పున, రోజుల తరబడి ఆగి ఆగి ఎత్తాలి. ఏళ్ల తరబడి ఒరిగి ఆ వంపుకే అలవాటుపడిన కర్రను ఒక్క పూటలో నిలబెట్టబోతే కుసులు విరుగుతాయి. కుళ్లినంత మేరకే కోసి, అదే జాతి కర్రను అతకడం మంచి వడ్రంగి పద్ధతి.

అసలు పొరపాటు గోడ దగ్గర జరుగుతుంది. అమెరికాలో తొలి పోర్ట్‌లాండ్ సిమెంటు పేటెంటును 1871లో పొందిన డేవిడ్ సేలర్ కర్మాగారం ఇదే రాష్ట్రంలోని కోప్లేలో ఉండేది. అంతకు ముందరి బార్న్ గోడల్లో రాళ్ల మధ్య ఉన్నది మెత్తని సున్నం, లేదా మట్టి. ఆ సున్నం గోడ కదలికకు సర్దుకుంటూ, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దానిపై పూసిన గట్టి సిమెంటు చెమ్మను బంధించడంతో, మంచు కాలంలో రాతి ముఖమే పెచ్చులుగా రాలుతుంది. బాగుచేయాలన్న సదుద్దేశమే గోడను చంపుతుంది. గానుగ సున్నంతో కట్టిన మండువా ఇళ్లు, పాత కోట గోడలు తెలుగునాట ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి సిమెంటు పూత వేయించబోయే యజమానులు ముందుగా సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపించి గోడ చూపించాలని మనవి.