పల్లె అర్జీ.. డిపో లెక్క

2021 నవంబరులో రంగారెడ్డి జిల్లా మంచాల మండలంలోని ఒక గ్రామానికి ఆగిపోయిన బస్సు తిరిగి వచ్చింది. కరోనా కాలంలో నిలిచిన ఆ సర్వీసును పునరుద్ధరించాలని కోరుతూ ఆ ఊరి విద్యార్థిని ఒకరు ఉత్తరం రాశారు. రాసింది డిపో మేనేజరుకు కాదు, కలెక్టరుకూ కాదు. నాటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణకు. బస్సు లేక బడికి ఆటోల్లో వెళ్లడం భారమవుతోందన్నది ఆ ఉత్తరంలోని మొర. ఆయన ఈ విషయాన్ని టీఎస్‌ఆర్టీసీ ఎండీగా ఉన్న వీసీ సజ్జనార్ దృష్టికి తీసుకెళ్లడంతో బస్సు మళ్లీ రోడ్డెక్కింది.

ఆ వార్త చదివి సంతోషించని వారు లేరు. అయితే మా ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన వేసిన ప్రశ్న ఈ విలేకరికి ఇప్పటికీ గుర్తుంది. 'ఢిల్లీ దాకా పోతేగానీ బస్సు రాదా? మన డిపో ఉన్నది ఇరవై కిలోమీటర్ల దూరంలోనే కదా?' అని ఆయన అడిగారు. జవాబు చెప్పాలంటే డిపోకు చేరిన అర్జీ ఏమవుతుందో, సర్వీసు బాగోగులను అక్కడ ఏ కొలతతో కొలుస్తారో ముందు తెలియాలి. చాలామంది ప్రయాణికులకు తెలియని సంగతి ఇదే.

ఈపీకే అంటే ఏమిటి?

అర్జీ ఇవ్వడానికి వెళ్లేవారు సాధారణంగా సర్పంచి లెటర్‌ప్యాడ్ మీద నాలుగు వాక్యాలు రాయించుకొని, పది సంతకాలు చేయించుకొని వెళ్తారు. డిపో మేనేజరు తీసుకొని ట్రాఫిక్ విభాగానికి పంపుతారు. అక్కడ మొట్టమొదట చూసేది ఊరి పేరు కాదు. ఆ సర్వీసు ఈపీకే, అంటే బస్సు తిరిగిన ఒక్కో కిలోమీటరుకు వచ్చిన రాబడి. దాని పక్కన ఆక్యుపెన్సీ రేషియో ఉంటుంది. బస్సులోని సీట్ల సామర్థ్యంలో నూటికి ఎంత నిండిందో అది చెబుతుంది. వీటికి తోడు లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నిసార్లు దారిలో ఆగిపోయింది, ఎన్ని కిలోమీటర్లు రద్దయ్యాయి అన్న లెక్కలు ఉంటాయి. డిపో మేనేజరు పనితీరును పై అధికారులు సమీక్షించేదీ ఈ అంకెలతోనే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఊరు నుంచి పట్టణానికి 18 కిలోమీటర్లు. బస్సు రోజుకు నాలుగుసార్లు వచ్చిపోతే 144 కిలోమీటర్లు తిరిగినట్లు. మొత్తం రాబడి 4,320 రూపాయలైతే కిలోమీటరుకు 30 రూపాయలు పడుతుంది. ఇందులో మధ్యాహ్నం ట్రిప్పు తెచ్చింది 360 రూపాయలే అనుకోండి. అది తిరిగిన 36 కిలోమీటర్లకు లెక్కిస్తే పది రూపాయలే. ఆ ఒక్క ట్రిప్పు తీసేస్తే మిగిలిన మూడింటి సగటు 36 రూపాయలు దాటుతుంది. కాగితం మీద డిపో మెరుగుపడింది.

ఊళ్లో జరిగేది వేరు. ఉదయం బస్సులో ఆస్పత్రికి వెళ్లిన వృద్ధురాలు మధ్యాహ్నానికి తిరిగి రావాలి. తిరుగు బస్సు లేదని తెలిశాక ఆమె ఉదయం బస్సు కూడా ఎక్కదు, ఆటో మాట్లాడుకుంటుంది. బ్యాంకు పనిమీద వెళ్లే రైతుదీ, బియ్యం సంచి తెచ్చుకునే కూలీదీ అదే దారి. మూడు నెలలు గడిచేసరికి ఉదయం ట్రిప్పు రాబడి కూడా పడిపోతుంది. అప్పుడు దాని మీదా వేటు పడుతుంది. మధ్యాహ్నం బస్సు తెచ్చేది 360 రూపాయలే కావచ్చు గానీ ఉదయం బస్సుకు జనాన్ని తెచ్చేది కూడా అదేనన్న సంగతి ఏ పట్టికలోనూ కనిపించదు.

కండక్టరు దగ్గరి టిమ్స్ యంత్రం ఎక్కినవారిని లెక్కిస్తుంది. ఎదురుచూసి ఎదురుచూసి వెళ్లిపోయినవారిని లెక్కించే యంత్రం ఇంతవరకూ రాలేదు. బస్సు గంట ఆలస్యమైన రోజున స్టాపులో నిలబడి ఆటో ఎక్కిన ముప్పైమంది డిపో లెక్కలో 'ప్రయాణికులు లేరు' అనే పద్దులో చేరతారు. విద్యార్థులదీ ఇదే పరిస్థితి. పాసుకు కట్టిన సొమ్ము కౌంటరులో జమవుతుంది గానీ ఉదయం ట్రిప్పులో టికెట్టు డబ్బుగా కనిపించదు. పిల్లలతో ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి వెళ్లే బస్సు రాబడిలో మాత్రం పల్చగా కనిపించడానికి కారణం ఇదే.

చట్టంలోనే రెండు మాటలు

ఇందులో డిపో మేనేజరును మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆర్టీసీలకు ఆధారమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే రెండు మాటలున్నాయి. సమర్థమైన, చాలినంత, పొదుపైన, సమన్వయంతో కూడిన రవాణా వ్యవస్థను ప్రజలకు సమకూర్చడం సంస్థ విధి అని 18వ సెక్షన్ అంటుంది. వ్యాపార సూత్రాల ప్రకారం నడుచుకోవాలని 22వ సెక్షన్ చెబుతుంది. మొదటి మాట ప్రకారం ఊరికి బస్సు రావాలి. రెండో మాట ప్రకారం నష్టం వచ్చే బస్సు ఆగాలి. ఈ రెంటి మధ్య పెనుగులాట రోజూ తెల్లవారుజామున డిపో చార్టు దగ్గర, ఉన్న బస్సులు ఇన్ని, వచ్చిన డ్రైవర్లు ఇంతమంది అన్న లెక్కతో తేలుతుంది.

1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా ఏర్పడి, రాష్ట్ర విభజన అనంతరం రెండుగా విడిపోయిన ఈ వ్యవస్థలో యాజమాన్యాలు మారాయి, పేర్లు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. కిలోమీటరు రాబడి అనే కొలత మాత్రం ఎక్కడికీ పోలేదు.

జాతరలు, పండుగలు వచ్చినప్పుడు ఈ కొలత ఎటు మొగ్గుతుందో పల్లెలకు బాగా తెలుసు. మేడారం జాతరకు ప్రత్యేక బస్సులు పంపాలంటే వాటిని ఎక్కడినుంచో తీయాలి. ముందుగా తీసేది పల్లెవెలుగు సర్వీసుల నుంచే. భక్తులకు బస్సు వద్దని ఎవరూ అనరు. ఏ రోజుల్లో ఏ ట్రిప్పులు రావో ముందురోజైనా ఊరికి తెలియజేస్తే పిల్లలు స్టాపులో నిలబడే బాధ తప్పుతుంది కదా అన్నదే తల్లిదండ్రుల ఆవేదన.

జీరో టికెట్ తెచ్చిన మార్పు

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం ప్రారంభమయ్యాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలు ఉచితంగా ప్రయాణిస్తున్నారు. దీనివల్ల రద్దీ పెరిగిందని, సీట్లు దొరకడం లేదని, చేయెత్తినా బస్సు ఆపడం లేదని ఫిర్యాదులు వస్తున్న మాట వాస్తవమే. అయితే ఈ పథకంలో పెద్దగా చర్చకు రాని ఒక అంశం ఉంది. కండక్టరు ఇచ్చే జీరో టికెట్టు ఆధారంగానే ఆ ప్రయాణం విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాల్సి ఉంటుంది. అంటే ఆటోలకు మళ్లి డిపో లెక్కల్లోంచి మాయమైన పల్లె మహిళలు తిరిగి ఆ లెక్కలోకి వచ్చారు.

'డబ్బులు లేని టికెట్టు ఎందుకులే' అని తీసుకోకుండా దిగిపోయేవారు ఇంకా కనిపిస్తున్నారు. అది తమ ఊరి బస్సుకు తామే నష్టం చేసుకోవడమే. గుర్తింపు కార్డు చూపించి టికెట్టు అడిగి తీసుకోవాలి. రేపు ఆ ట్రిప్పు ఉంచాలా తీయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఊరి తరఫున సాక్ష్యం చెప్పేది ఆ చిన్న కాగితమే.

ఏ ఫిర్యాదు ఎక్కడ?

బస్సు ఆపలేదు, చిల్లర ఇవ్వలేదు, దురుసుగా మాట్లాడారు, సామాను మరచిపోయాం వంటివి డిపో స్థాయిలో త్వరగా తేలే విషయాలు. బస్సు నంబరు, తేదీ, సమయం, స్థలం చెబితే చాలు. టికెట్టు ఉంటే మరీ మంచిది. డిపో మేనేజరు సిబ్బందిని పిలిపించి విచారిస్తారు, అవసరమైతే మెమో ఇస్తారు. ఇక్కడ సిబ్బంది మాట కూడా వినాలి. ఎనభైమందితో నిండిన బస్సును తదుపరి స్టాపులో ఆపితే ఒక తిట్టు, ఆపకపోతే మరో తిట్టు. కల్వర్టు కుంగిన రోడ్డు మీదికి బస్సు పంపలేదని డిపోకు వచ్చే అర్జీలు కూడా ఉన్నాయి. అవి నిజానికి పంచాయతీరాజ్ శాఖకో రోడ్లు భవనాల శాఖకో వెళ్లాల్సినవి.

కొత్త సర్వీసు, ట్రిప్పు పునరుద్ధరణ, సమయం మార్పు వంటివి మాత్రం ఫోను మీద తేలవు. అప్పుడప్పుడు నిర్వహించే 'డయల్ యువర్ డీఎం'లో గంటసేపు మేనేజరే స్వయంగా మాట్లాడతారు. తేదీ, నంబరు పత్రికల్లో ముందుగా ప్రకటిస్తారు. అక్కడ మాట చెప్పి ఊరుకోకుండా, మరునాడే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మేలు. స్పందన లేకపోతే రీజినల్ మేనేజరుకు రాయవచ్చు. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇస్తే అర్జీకి నంబరు పడుతుంది, ఆర్టీసీ జవాబు చెప్పాల్సి వస్తుంది.

టీఎస్‌ఆర్టీసీ 2023 మేలో విలేజ్ బస్ ఆఫీసర్ల విధానం ప్రవేశపెట్టింది. సంస్థ ఉద్యోగులే కొన్ని ఊళ్లకు బాధ్యులుగా ఉండి గ్రామస్తులతో మాట్లాడి సమస్యలను డిపోకు చేరవేయాలన్నది దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే. మీ ఊరికి బాధ్యుడు ఎవరో డిపోలో అడిగి తెలుసుకోవచ్చు. సామాజిక మాధ్యమాల్లో పెట్టిన ఫిర్యాదుకు గంటల్లో జవాబు వస్తున్న ఈ రోజుల్లో, స్మార్ట్‌ఫోను లేని రైతుకు ఎదురుగా నిలబడి వినే మనిషి ఒకరు కావాలి మరి.

సమాచార హక్కు చట్టం ఇక్కడ బాగా పనికొస్తుంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, తమ ఊరి సర్వీసు గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు రద్దయింది, ఏ కారణంతో, ట్రిప్పులవారీగా కిలోమీటరు రాబడి ఎంత అని అడగవచ్చు. తెల్లకార్డుదారులకు రుసుము ఉండదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'బస్సు సరిగా రావడం లేదు' అన్న వాక్యానికీ 'గత నెలలో మీ రికార్డు ప్రకారమే ఇన్ని రోజులు రాలేదు' అన్న వాక్యానికీ డిపోలో లభించే మర్యాద వేరుగా ఉంటుంది.

ఏడు రోజుల నోటుబుక్కు

మా పరిసరాల్లోని ఒక గ్రామంలో కొన్నేళ్ల క్రితం యువకులు చేసిన పని ఇక్కడ చెప్పదగినది. అంతకుముందు రెండుసార్లు ఇచ్చిన అర్జీలు ఫలించలేదు. మూడోసారి వారు అర్జీ రాయలేదు. వంద పేజీల నోటుబుక్కు కొని స్టాపు ఎదుటి టీ కొట్టులో పెట్టారు. ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా వంతులవారీగా కూర్చొని, ఎవరు ఏ సమయానికి ఏ ఆటో ఎక్కారో, ఎక్కడికి వెళ్లారో, ఎంత ఇచ్చారో ఏడు రోజులు రాశారు. అంగడి రోజు, ఆదివారం కూడా వదల్లేదు.

ఆ పుస్తకంలో ఊరివాళ్లే ఊహించని విషయం బయటపడింది. పాత బస్సు వచ్చే ఏడుంబావుకు స్టాపులో పెద్దగా ఎవరూ లేరు. ఏడున్నర నుంచి ఎనిమిదింబావు మధ్య పిల్లలు, కూలీలు, ఆస్పత్రికి వెళ్లేవారు ఒకేసారి వస్తున్నారు. ఇన్నాళ్లూ పాత బస్సును పాత సమయానికే పంపమని అడుగుతూ వచ్చారన్నమాట.

నోటుబుక్కు చూసిన డిపో మేనేజరు దాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు. వారం తర్వాత ఇద్దరు ఉద్యోగులు వచ్చి రెండు రోజులు లెక్క చూసుకున్నారు. అడిగినవన్నీ ఇవ్వలేదు. రాత్రి ఊళ్లోనే నిలిచే బస్సు కావాలంటే సిబ్బందికి పడుకునే గది, నీళ్లు లేవన్నారు. ఉదయం ఏడూ నలభైకి ఒక ట్రిప్పు, సాయంత్రం బడి విడిచాక మరొకటి నెల రోజులు నడిపి చూస్తామన్నారు. బస్సు తిప్పుకోవడానికి స్థలం చూపించమని అడిగారు. రావిచెట్టు పక్కన ఉన్న స్థలంలో ముగ్గురు రైతుల గడ్డివాములు ఉన్నాయి. మరుసటి ఆదివారం ఊరంతా కలిసి వాటిని కళ్లాల్లోకి మార్చింది. సోమవారం ఉదయం వచ్చిన బస్సు అక్కడే తిరిగింది.